ఒకరి గాంధారం... ఇంకొకరి పంచమం!

రాత్రి ఒంటిగంట దాటింది. శ్రీరామనవమి పందిరి. కాటి సీను మొదలైంది. హరిశ్చంద్రుడు భుజాన కర్ర పెట్టుకుని ముందుకొచ్చి రాగం ఎత్తుకున్నాడు. జనం ఫోన్లు పైకి లేపారు. నేను మాత్రం తల దించుకున్నా. ఎందుకంటే ఆయన గొంతు పంచమం మీద నిలబడిన ప్రతిసారీ పక్కనున్న హార్మోనియం 'వవ్వవ్వవ్' అని వణుకుతోంది. ఆ వణుకు నా చేతి పనే.

మా ఊరు గిద్దలూరుకి దగ్గరే. మా వైపు నవమికో, శివరాత్రికో, తిరునాళ్లకో పద్యనాటకం పెట్టించడం ఇంకా పోలేదు. 1970లో ప్రకాశం జిల్లాలో కలిసేదాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లావే. కాస్త కిందికి దిగితే కడప జిల్లా. 1885లో సురభి నాటకాలు పుట్టిన సురభి గ్రామం ఆ జిల్లాలోదే. అందుకే మా వైపు మాటలో సగం సీమ ఉంటుంది, పద్యం అంటే చెవి కోసుకునే పెద్దోళ్లు ఇప్పటికీ ఉన్నారు. రీల్స్ చూసే మా బ్యాచ్ కూడా కాటి సీనుకి మాత్రం లేచి కూర్చుంటుంది. (బలిజేపల్లి వారి నాటకంలో జాషువా శ్మశానవాటి పద్యాలు ఎలా కలిసిపోయాయో, వాటి కోసమే జనం తెల్లారేదాకా ఎలా కూర్చుంటారో... అది ఇంకో పెద్ద కథ.)

ఇక అసలు సంగతి. రామాలయంలో భజనకి వాడే పెట్టె ఒకటుంది. మా వైపు హార్మోనియంని 'పెట్టె' అనే అంటాం. అది స్కేల్ ఛేంజర్ పెట్టె. ఒకప్పుడు మా తాత వాయించేవాడు, ఇప్పుడు దాని బాధ్యత నాది. నవమికి వారం ముందు నాకో బుద్ధి పుట్టింది. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, ఒకటి శ్రుతికి సెట్ చేసి, పెట్టె మీద గాంధారం నొక్కి విన్నా. తంబూరాతో కలవట్లేదు. ఒక్క నూలు పోగంత పైన ఉంది. ట్యూనర్ యాప్ తెరిస్తే 329.6 హెర్ట్జ్ అంది. లెక్క ప్రకారం ఒకటి శ్రుతి షడ్జమం 261.6. దాని మీద స్వచ్ఛమైన అంతర గాంధారం కావాలంటే ఒకటింపావు రెట్లు, అంటే 327. 'అరే, తాత పెట్టె శ్రుతి తప్పింది' అనుకున్నా. ఓ వీడియో చూసి, పెట్టె విప్పి, ఆ మెట్టు కింద ఉన్న రెండు రీడ్లనీ ఆకురాయితో గీకి 327కి దింపేశా. తంబూరాతో కలిపి నొక్కితే తేనె పోసినట్టు కలిసింది. ఆ రోజంతా నేను పెద్ద డాక్టర్‌లా తిరిగా!

నవమి నాడు నాటక సమాజం వచ్చింది. వాళ్ల లెగ్ హార్మోనియం ఎక్కిన బండి మాత్రం దారిలో ఆగిపోయింది. సమాజం హార్మోనిస్టు డెబ్బై దాటిన మనిషి. ఆ రాత్రికి మా పెట్టె అడిగాడు. నేను గర్వంగా తెచ్చి పెట్టా. హరిశ్చంద్రుడిది ఆరు శ్రుతి. పెద్దాయన ఛేంజర్ తిప్పి మెట్ల వరసని మూడు గాళ్లు ఎడమకి జరిపాడు. నాంది దాకా బాగానే ఉంది. ఆ తర్వాత జరిగింది పైన చెప్పేశా.

ఆయన మాత్రం నా వైపు చూడలేదు. రెండో పద్యానికే ఆ మెట్టు సంగతి కనిపెట్టి, దాన్ని వదిలేసి పై స్థాయిలో ఉన్న పంచమం పట్టుకుని నాటకం దాటించాడు. ఒక పన్ను ఊడినవాడు రెండో దవడతో నమిలినట్టు. తెల్లారి టీ దగ్గర మాత్రం అడిగాడు.

"ఏంరా అబ్బోడా, పెట్టె కడుపు కోసినావంట?"

పెట్టెలో ఏముంది?

టీ తాగాక రామాలయం అరుగు మీద పెట్టె మళ్లీ విప్పాం. ఈసారి ఆయన చేత్తో.

హార్మోనియంలో మోగేది రీడు. ఇత్తడి చట్రంలో సన్నటి గాడి, ఆ గాడి మీద ఒక చివర రివిట్‌తో బిగించిన ఇత్తడి నాలుక. గాలి తోసినప్పుడు ఆ నాలుక గాడిలోకి, బయటికి ఊగుతుంది. నాలుక పొడుగైతే స్వరం కింద, పొట్టిదైతే పైన. గుజరాత్‌లోని పాలితానా రీడ్లకి పేరుంది. పాత పెట్టెల్లో జర్మన్ రీడ్లుంటే వాటి యజమాని ఆ మాట పదిసార్లు చెప్తాడు. మా తాతా చెప్పేవాడు.

మామూలు పెట్టెలో మెట్టుకి, రీడుకి పెళ్లి అయిపోయినట్టే. మెట్టు నొక్కితే దాని కిందే అతికించిన మూత లేస్తుంది, ఆ రంధ్రంలోంచి గాలి పోతుంది, ఆ రీడే మోగుతుంది. జీవితాంతం అంతే. స్కేల్ ఛేంజర్‌లో ఆ పెళ్లి ఉండదు. మెట్ల వరస ఒక చట్రం మీద విడిగా ఉంటుంది. మూతల వరస కింద వేరుగా ఉంటుంది. మెట్టు నొక్కితే అది తన కింద ఆ క్షణంలో ఏ మూత ఉంటే దాన్ని తెరుస్తుంది. చట్రాన్ని ఒక గాడి జరిపితే ప్రతి మెట్టూ పక్క మూత మీదికి వెళ్తుంది, అంటే ఒక అర స్వరం మారుతుంది.

ఇక్కడో చిన్న డౌట్ రావాలి. తెల్ల మెట్లు వెడల్పు, నల్లవి సన్నం కదా, జరిపితే సరిగ్గా ఎలా కూర్చుంటాయి? వేళ్లు పెట్టే ముందు భాగంలోనే ఆ తేడా. మెట్ల వెనక భాగం చూడండి, తెల్లదీ నల్లదీ అన్నీ సమాన దూరంలో వరసగా ఉంటాయి. మూతలూ అదే దూరంలో ఉంటాయి. ఛేంజర్ మొత్తం ఆ సమాన దూరం మీదే బతుకుతోంది.

దీంట్లో నాకు అప్పటిదాకా తెలియని ముఖ్యమైన మాట ఒకటుంది: ఛేంజర్ ఏ రీడు శ్రుతినీ మార్చదు. రీడ్లు కదలవు. వేళ్లకి, రీడ్లకి మధ్య లంకె మాత్రమే మారుతుంది. పేరు చూసి నేను 'స్కేల్ మారుతుంది' అనుకున్నా.

"బస్సులో సీట్లు అట్నే ఉంటాయప్పా. మనుషులే ఒక సీటు పక్కకి జరుగుతారు" అన్నాడు పెద్దాయన. "నువ్వు ఒక సీటు కాళ్లు కోసినావు. మొన్న ఆడ కూర్చున్నోడికి అది సుఖమే. రాత్రి ఇంకోడు కూర్చున్నాడు."

అమెరికాలో పెడల్... అక్కడా ఇదే తలనొప్పి

అమెరికా కంట్రీ సంగీతంలో పెడల్ స్టీల్ గిటార్ అని ఒకటుంది. ఒడిలో కాదు, కాళ్లున్న బల్లలా ఎదురుగా పెట్టుకుని వాయిస్తారు. 1954లో హిట్టయిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ అనే ఆయన తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని జార్చాడు. ఆ తర్వాత అందరూ అదే ఏడుపు కావాలన్నారు. దాంట్లోనూ 'ఛేంజర్' అనే భాగం ఉంటుంది. పెడల్ తొక్కితే కింద ఉన్న కడ్డీ లాగుతుంది, బ్రిడ్జి దగ్గరున్న చిన్న లోహపు వేలు కదులుతుంది, తీగ బిగుసుకుంటుంది లేదా వదులవుతుంది.

పేరు ఒకటే, పని పూర్తిగా తిరగబడింది. వాళ్ల ఛేంజర్ తీగ శ్రుతినే మారుస్తుంది, మనది రీడుని ముట్టుకోదు. కాబట్టి వాళ్లకి ఒక సౌకర్యం ఉంది: పెడల్ తొక్కినప్పుడు ఎంత పెరగాలో ఒక్కో తీగకి విడిగా చిన్న నట్టు తిప్పి సెట్ చేసుకోవచ్చు. చాలామంది వాళ్ల గాంధారాన్ని ట్యూనర్ చెప్పిన దానికన్నా కాస్త కిందే పెట్టుకుంటారు, చెవికి తియ్యగా ఉంటుందని. అచ్చం నేను చేసిన పనే! వాళ్లకి చెల్లింది, నాకు చెల్లలేదు.

నా లెక్క ఎక్కడ తప్పింది?

తప్పలేదు, అదే విచిత్రం. ఒకటి శ్రుతికి నా 327 నూటికి నూరు కరెక్ట్. కానీ ఆరు శ్రుతికి షడ్జమం 220 హెర్ట్జ్. దాని పంచమం ఒకటిన్నర రెట్లు, అంటే 330. పెట్టెలో ఆ పంచమం ఇవ్వాల్సిన రీడు ఏది? నేను గీకిందే. ఒకటి శ్రుతి వాడి గాంధారమే ఆరు శ్రుతి వాడి పంచమం.

మొదట అది 329.6 దగ్గర ఉంది. గాంధారంగా చూస్తే 2.6 ఎక్కువ, పంచమంగా చూస్తే 0.4 తక్కువ. ఎవరికీ పూర్తిగా కలవదు, ఎవరినీ పూర్తిగా చెడగొట్టదు. నేను దాన్ని 327కి దింపాక గాంధారానికి పండగ. ఆరు శ్రుతి పంచమానికి మాత్రం 3 హెర్ట్జ్ లోటు. హరిశ్చంద్రుడు 330 మీద నిలబడ్డాడు, రీడు 327 మీద నిలబడింది. రెండు దగ్గరి స్వరాలు కలిసి మోగితే ఆ తేడా ఎంతో సెకనుకి అన్ని అలలు వినిపిస్తాయి. సెకనుకి మూడు వణుకులు. నేను తల దించుకుని విన్నవి అవే.

ఆ పెద్దాయన ఛేంజర్ వాడకుండా నేరుగా ఆరో శ్రుతి మెట్టునే షడ్జమం చేసుకుని వాయించినా ఇదే జరిగేది. రీడు అదే కదా.

ఇంకో రకంగా చెప్తా. 240ని షడ్జమం అనుకుని స్వచ్ఛమైన లెక్కతో పెట్టె మొత్తం ట్యూన్ చేశామనుకోండి. రిషభం 270, గాంధారం 300, మధ్యమం 320, పంచమం 360, దైవతం 400. ఎంత ముద్దుగా ఉన్నాయో అంకెలు! ఇప్పుడు ఛేంజర్ రెండు గాళ్లు కుడికి జరిపి 270ని షడ్జమం చేయండి. దాని పంచమం 405 కావాలి. పెట్టెలో ఉన్నది 400. అయిపోయింది. ఒక ఇంటికి అందంగా కుట్టిన పరదా పక్కింటి కిటికీకి సరిపోదు.

అందుకే స్కేల్ ఛేంజర్ పెట్టెని ఎవరికీ అన్యాయం జరగకుండా, ఎవరికీ పూర్తి న్యాయం జరగకుండా ట్యూన్ చేస్తారు. ఒక స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా పంచుతారు. ఒక్కో మెట్టు ముందుదానికి 1.0595 రెట్లు. స్వచ్ఛమైన పంచమాలనే పట్టుకుని పన్నెండుసార్లు పైకి ఎక్కితే ఏడు స్థాయిలు పూర్తయి షడ్జమానికి తిరిగి రావాలి. కానీ 128 రెట్లు రావాల్సిన చోట 129.75 వస్తుంది. ఆ మిగులుని ఎక్కడో ఓ చోట దాచాలి. సమాన పంపకం దాన్ని పన్నెండు పంచమాలకీ తలా చిటికెడు పంచేస్తుంది.

హార్మోనియం అంటే కొందరు సంగీత విద్వాంసులకి ఎందుకు పడదో నాకు ఇక్కడ అర్థమైంది. దాని మీద గమకం రాదు అన్నది ఒక ఫిర్యాదు, ఈ శ్రుతుల సర్దుబాటు రెండోది. ఫ్రాన్స్‌లో డెబాన్ 1840లో పేటెంట్ తీసుకున్న ఈ వాయిద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతి తిత్తితో నేల మీద కూర్చుని వాయించేలా మార్చాడు. అది ఊరూరా పాకిపోయాక 1940 మార్చి 1న ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971లో గానీ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన నాటకాల పందిట్లో మాత్రం పెట్టె ఒక్క రాత్రి కూడా ఆగలేదు. విద్వాంసుల వాదనలో నిజం ఉంది, కాదనను. కానీ మైకుల్లేని రోజుల్లో వేలమంది ముందు గొంతెత్తే నటుడికి వెనక నుంచి ఊపిరి అందించింది ఆ పెట్టే. రేడియో వాళ్లు దాన్ని తంబూరా పక్కన పెట్టి చూశారు, మా వాళ్లు పందిట్లో పెట్టి చూశారు.

గీకడం... తిరిగి గీకడం

రీడుని ట్యూన్ చేసే పద్ధతి వినడానికి చాలా సింపుల్. నాలుక కొన దగ్గర గీకితే కొన తేలికవుతుంది, స్వరం పైకి పోతుంది. రివిట్ ఉన్న మొదలు దగ్గర గీకితే నాలుక మెత్తబడుతుంది, స్వరం దిగుతుంది. నేను మొదలు గీకా. కాబట్టి ఇప్పుడు కొన గీకాలి. "పోయిన ఇత్తడి తిరిగి రాదు నాయనా. ఇట్నే ఇటో గీత అటో గీత గీకుతా ఉంటే ఒకరోజు నాలుక తెగుతుంది" అన్నాడాయన.

ఆయన మెట్ల పలకని ఎత్తి తిరగేశాడు. నాలుక కింద పల్చటి రేకు ముక్క దూర్చాడు, గీకేటప్పుడు నాలుక గాడిలోకి వంగకుండా. నేను ఆ రేకు సంగతే ఎరగను, ఉత్తి గాల్లో గీకేశా. తర్వాత కొన మీద మూడంటే మూడు గీతలు. ఊది, పలక మళ్లీ పెట్టెలో పెట్టి, తిత్తి కొట్టి విన్నాడు. బయట తీసి ఊది విన్న స్వరం, పెట్టెలో మోగే స్వరం ఒకటి కావు, అందుకే ప్రతిసారీ లోపల పెట్టే వినాలట. గీకిన రీడు వేడెక్కి ఉంటుంది, కాసేపు చల్లారాలట. నేను ఫోన్ తీస్తే "దాన్ని జేబులో పెట్టు" అన్నాడు.

ఆయన యాప్ ఏంటంటే చెవి. పై స్థాయిలో అదే స్వరం నొక్కి కలిపి విన్నాడు. ఆ రెంటి మధ్య అల అస్సలు ఉండకూడదు. తర్వాత ఆరు శ్రుతి షడ్జమం, ఈ పంచమం కలిపి పట్టుకున్నాడు. ఇక్కడ మాత్రం అల పూర్తిగా పోకూడదంట! నెమ్మదిగా, పడుకున్న మనిషి ఊపిరిలాగా ఊగాలంట. ఇంటికెళ్లాక నేను లెక్కేశా. 220 మూడు రెట్లు 660, 329.6 రెండు రెట్లు 659.2. తేడా సెకనుకి 0.8 కూడా నిండదు, అంటే నాలుగు సెకన్లకి సుమారు మూడు అలలు. డెబ్బై దాటిన మనిషి లెక్క లేకుండా చెవితో అక్కడే ఆపాడు. నాకు నమ్మబుద్ధి కాక ఆయన వెళ్లాక దొంగచాటుగా ట్యూనర్ పెట్టి చూశా. 329.5!

మీ ఇంట్లో పెట్టె ఉంటే

మీ ఊరి భజన గుడిలోనో, అటక మీదో ఛేంజర్ పెట్టె ఉంటే విప్పకుండానే చాలా తెలుసుకోవచ్చు. ముందు ఏ మెట్టూ నొక్కకుండా తిత్తి నింపి వదలండి. అది నెమ్మదిగా దిగాలి. గబుక్కున వాలిపోతే ఎక్కడో గాలి కారుతోంది. అప్పుడు ట్యూనింగ్ గురించి ఆలోచించడమే దండగ, గాలి ఒత్తిడి మారితే స్వరమూ కదులుతుంది. మెట్టు నొక్కకుండానే ఏదో రీడు మోగుతుంటే రీడుది తప్పు కాదు, దాని మూత సరిగ్గా పడట్లేదు. దుమ్మో, స్ప్రింగ్ నీరసమో.

తర్వాత ట్యూనర్ పెట్టి ఒక మెట్టు నొక్కి హెర్ట్జ్ రాసుకోండి. ఛేంజర్ ఒక గాడి ఎడమకి జరిపి, దాని కుడి పక్క మెట్టు నొక్కండి (నల్లదైతే నల్లది). అదే రీడు, అదే అంకె రావాలి. అంకె అదే వచ్చి, స్వరం నీరసంగా ఉంటే మెట్టు మూతని సగమే తెరుస్తోందన్నమాట. రెండు స్వరాలు కలిసి వస్తే చట్రం గాడిలో కూర్చోలేదు, రెండు మూతల మధ్య నిలబడింది. గాళ్లు అరిగిన పాత పెట్టెల్లో ఇది మామూలే. మా వైపు ఎండాకాలం చెక్క ఎండి వదులవుతుంది, వానల్లో ఉబ్బి బిగుస్తుంది. కాబట్టి ఏప్రిల్‌లో వచ్చిన జబ్బుకి ఆగస్టు దాకా ఆగి చూడటం కూడా ఒక వైద్యమే.

జరిపేటప్పుడు కప్లర్ ఆపేయండి, మెట్ల మీద నుంచి చేతులు తీసేయండి. మెట్టు నొక్కి ఉండగా లాగితే కింద మూతలు విరుగుతాయి. ఇది పెద్దాయన నాకు రెండుసార్లు చెప్పాడు, రెండోసారి వేలు చూపించి మరీ.

ఒక్క శ్రుతికే పాడే ఇంట్లో, ఛేంజర్ లేని పెట్టె ఉంటే మాత్రం నా 327 పద్ధతి తప్పేం కాదు. ఆ ఒక్క గొంతుకి తగ్గట్టు స్వచ్ఛంగా ట్యూన్ చేయించుకోవచ్చు. నా మటుకు నాకు అదే ఇష్టం. కానీ పందిరి పెట్టెకి ఆ హక్కు లేదు. ఈ రోజు హరిశ్చంద్రుడు ఆరు అంటాడు, రేపు కృష్ణుడు ఐదున్నర అంటాడు, ఎల్లుండి భజన పిల్లలు ఒకటిన్నర అంటారు.

ఛేంజర్ మీద ఆయన అభిప్రాయం కూడా అడిగా. "మా గురువు కాలంలో యాడిది ఇది? ఏ మెట్టు చూపిస్తే దాన్నే సా చేసుకుని వాయించాల. ఇప్పుడు అందరూ ఒకటో మెట్టు మీదే నేర్చుకుని జరుపుకుంటా ఉండారు" అన్నాడు. మరి రాత్రి మీరూ జరిపారు కదా అంటే, "వేళ్లు ముసలైనాయి లేరా" అని నవ్వాడు.

పలక బిగించే ముందు చెక్క లోపలి వైపు పెన్సిల్‌తో ఆ రీడు పక్కన చిన్న గుర్తు, తారీఖు రాశాడు. దాని పైనే ఇంకో పాత రాత ఉంది. మా తాత చేతి రాత. ఆయనా ఎప్పుడో అదే రీడుని ముట్టుకున్నాడు! ఎందుకో రాయలేదు.

బండి రిపేరై వచ్చింది. సామాను ఎక్కిస్తుంటే "ఎంత ఇయ్యమంటావు తాతా?" అని అడిగా.

"డబ్బులొద్దుగానీ, ఆ ఆకురాయి ఇట్లియ్యి" అన్నాడు. జేబులో వేసుకుని బండెక్కాడు.